ఆదాయం పక్కన వ్యయం: కొత్త ఏడాది సంకల్పం పుట్టుపూర్వోత్తరాలు

రఘునాథపల్లికి కొత్త సంవత్సరం ఏడాదిలో ఒక్కసారి వచ్చి ఊరుకోదు. జనవరి 1న వాకిట్లో ముగ్గులతోనూ వాట్సాప్ బొమ్మలతోనూ వస్తుంది. మార్చిలోనో ఏప్రిల్‌లోనో వేపపూతతో ఉగాది వస్తుంది. ఏప్రిల్ 1న బ్యాంకుకూ మండలాఫీసుకూ పద్దుల సంవత్సరం మొదలు. జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె, అదే మిరుగం, వచ్చిందంటే రైతుకు అసలు ఏడాది అదే. పాత పహాణీలు తిరగేస్తే ఫసలీ అని ఇంకొకటి కనబడుతుంది, దాని అంకెకు 590 కలిపితే గానీ మన లెక్కలోకి రాదు. హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద, సికింద్రాబాద్–కాజీపేట రైలు దారిలో జనగామ దాటాక వచ్చే ఈ మండలంలో మనిషికి కొత్తగా మొదలుపెట్టడానికి ఇన్ని ముహూర్తాలు. ఒక్కో ముహూర్తం దగ్గర ఒక్కో రకం లెక్క ఉంది, ఒక్కో రకం మాట ఇవ్వడం ఉంది. ‘ఈ ఏడాది నుంచి పొద్దున్నే లేస్తాను, పది కిలోలు తగ్గుతాను, ఇంత డబ్బు కూడబెడతాను’ అని ఇవాళ మనం రాసుకునే చిట్టా వీటిలో ఒక్కదాని సంతానమే. మిగతావాటి సంగతి మరిచిపోయాం.

ఆ ఒక్కదాని వంశవృక్షం త్వరగా చెప్పేసుకోవచ్చు. చాలామంది బాబిలోన్‌తో మొదలుపెడతారు. అక్కడి వసంతకాలపు అకీతు పండుగలో, ఎరువు తెచ్చుకున్న పనిముట్లు తిరిగి ఇచ్చేస్తామని జనం ప్రమాణం చేసేవారని ప్రతి జనవరిలోనూ ఏదో ఒక పత్రిక రాస్తుంది. మట్టిపలకల మీద మనదాకా వచ్చిన క్రతువులో ఉన్నది అంతకన్నా గట్టి సంగతి. అయిదో రోజున పూజారి రాజు దగ్గర రాజచిహ్నాలు తీసేసుకుని చెంప మీద కొడతాడు. నగరానికి తాను ద్రోహం తలపెట్టలేదని రాజు మోకాళ్ల మీద కూచుని దేవుడికి విన్నవించుకోవాలి. చిహ్నాలు తిరిగి చేతికిచ్చాక మళ్లీ ఒక దెబ్బ. కంట నీరు వస్తే ఏడాది మంచిది, రాకపోతే కీడు. ప్రతి ఉగాదికీ పంచాంగంలో రాజపూజ్యం పక్కనే అవమానం వినే మనకు ఇది మరీ కొత్త కాదు.

జనవరి 1 రోమ్ నుంచి వచ్చింది. క్రీ.పూ. 153 నుంచి అక్కడి కాన్సల్‌లు ఆ రోజే పదవిలోకి వచ్చి రాజ్యం క్షేమం కోరి దేవుడికి మొక్కులు మొక్కేవారు. అది దేశం కోసం మొక్కిన మొక్కు. అదే తేదీ దగ్గర మనిషి తన కోసం తాను ఒట్టు పెట్టుకోవడం చూడాలంటే లండన్‌లోని శామ్యూల్ పెపిస్ డైరీ దాకా రావాలి. 1661 డిసెంబర్ 31న ఆయన నాటకాలూ మద్యమూ మానేస్తానని ప్రమాణం రాసుకున్నాడు. నిలబెట్టుకోలేదు. అప్పటికి ఇంగ్లండ్‌లో చట్టం లెక్కన కొత్త సంవత్సరం మార్చి 25నే, 1752లో గానీ జనవరికి మారలేదు. ఆ క్యాలెండరే తెల్లవాళ్లతో పాటు మన దేశానికి దిగింది. మన సర్కారు పద్దుల ఏడాది మే 1 నుంచి ఏప్రిల్ 1కి జరిగింది కూడా వాళ్ల హయాంలోనే, 1867లో.

ఇక మన వైపు. ఏ పూజకైనా ముందు చెప్పే సంకల్పం విన్నారా? పురోహితుడు కావలసింది ముందు అడగడు. భూగోళంలో ఎక్కడున్నామో, శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో, ఏ నదుల మధ్య కూచున్నామో చెబుతాడు. రఘునాథపల్లి వాళ్లకు అవి కృష్ణా గోదావరులు. తర్వాత సంవత్సరం, అయనం, రుతువు, మాసం, తిథి, వారం. తర్వాత గోత్రం, పేరు, వెంట కుటుంబం. కోరికలు ఆఖర్న. అవి కూడా ఒక్కటి కాదు, ఆయువు, ఆరోగ్యం, ఐశ్వర్యం, ధర్మం అన్నీ ఒకే ఊపిరిలో. నిలబడ్డ చోటు తేల్చుకుని అప్పుడు అడగడం అనే వరుస ఇందులో ఉంది. ఇప్పటి లక్ష్యాల పుస్తకాలు చాలావరకు చివరి అడుగుతోనే మొదలుపెడతాయి.

ఉగాది పచ్చడి ఆరు రుచుల తాత్పర్యం ఏటా టీవీలో వింటూనే ఉన్నాం, దాన్ని వదిలేస్తాను. పంచాంగ శ్రవణంలో జనం చెవులు రిక్కించేది ఆదాయ వ్యయాల దగ్గర. పన్నెండు రాశులకూ నాలుగేసి అంకెలు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఎవరి రాశి రాగానే వాళ్లు తలెత్తుతారు, పక్కవాళ్లు నవ్వుతారు. ఈ అంకెల వెనక ఉన్నది గుళ్లో పూనకం కాదు, కూడికలూ భాగహారాలూ. రాశి అధిపతికి ఉన్న దశా సంవత్సరాలూ, ఆ ఏటి రాజుకు ఉన్నవీ కలిపి చేసే లెక్క. ఆ ఏటి రాజెవరంటే ఉగాది ఏ వారం పడితే ఆ వారాధిపతి. 2025లో విశ్వావసు ఉగాది మార్చి 30 ఆదివారం వచ్చింది కాబట్టి రాజు రవి. మేషానికీ వృశ్చికానికీ అధిపతి కుజుడే గనక రెండింటికీ ఆదాయ వ్యయాలు ఒక్కటే వస్తాయి. వృషభానికీ తులకూ అంతే.

పంచాంగాలు కొన్నేళ్లవి ముందేసుకుని చూస్తే ఒక తమాషా బయటపడుతుంది. ఆదాయానికి గానీ వ్యయానికి గానీ వచ్చే అంకెలు అయిదే: 2, 5, 8, 11, 14. లెక్కలోనే ఆ కట్టుబాటు ఉంది. అందుకని ఎంత చెడ్డ ఏడైనా ఏ రాశికీ ఆదాయం సున్నా కాదు. ఎంత మంచి ఏడైనా ఏ రాశికీ వ్యయం సున్నా కాదు. గ్రహాలు నిజంగా మన జేబులు చూసి అంకెలు వేస్తాయని నేను నమ్మను. ఈ పట్టిక గీసినవాళ్ల బుద్ధిని మాత్రం నమ్ముతాను. మనిషికి రాబోయేది చెప్పాలంటే పోబోయేది చెప్పకుండా కుదరదని వాళ్లకు తెలుసు. గౌరవం గడి పక్కన అవమానం గడి కూడా గీశారు. ఏ లక్ష్యాల డైరీలోనూ ‘ఈ ఏడు నాకు జరగబోయే అవమానాలు’ అని ఒక పేజీ నేను చూడలేదు.

అయితే ఈ రెండు గళ్ల లెక్క అందరిదీ కాదు. ఇదే ఉగాది తెలంగాణ పల్లెల్లో జీతాలు మాట్లాడుకునే రోజు. జీతగాడు ఉగాది నుంచి ఉగాదికి ఒక ఇంట కుదిరేవాడు. ఇన్ని వడ్లు, ఒక గొంగడి, చెప్పులు, తీసుకున్న బాకీ. బాకీ తీరకపోతే వచ్చే ఏడు కూడా ఆ ఇంటికే. ఈ బాకీ కట్టుకు భగేలా అని పేరు. 1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాల మీద చట్టం తేవలసి వచ్చిందంటే అది ఎంతగా పాతుకుపోయిందో ఊహించుకోవచ్చు. వెట్టి చాకిరీని దేశమంతటా రద్దు చేసిన చట్టం 1976లో గానీ రాలేదు. తన ఏడాదే తనది కాని మనిషిని ‘ఈ ఏడు నీ లక్ష్యమేంటి’ అని అడగడం ఎకసెక్కం. జనగామ ప్రాంతంలో సొంత ఏడాది అనేది పోరాడి తెచ్చుకున్నది. ఆ పోరాటంలోనే కడవెండిలో దొడ్డి కొమురయ్య 1946 జులై 4న ప్రాణమిచ్చాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కోరింది ఎంత చిన్నదో చూడండి: తాను పండించిన పంట తన ఇంటికి చేరాలి. విసునూరు దొరను ఎదిరిస్తే తప్ప ఆ మాత్రం కోరిక తీరలేదు.

ఆదాయం పక్కన వ్యయం చూసుకునే ఈ సమతూకం కడుపు నిండినవాళ్లదేనా అని ఇక్కడ ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. రఘునాథపల్లి మండలంలోనే ఖిలాషాపూర్ ఉంది, అక్కడ సర్వాయి పాపన్న కోట ఉంది. కల్లుగీత కుటుంబంలో పుట్టి 1708లో వరంగల్‌నూ భువనగిరినీ కొట్టిన మనిషి. కథాగానంలో తల్లి కులవృత్తి చూసుకోమంటుంది, కొడుకు గోల్కొండ మీద కన్నేస్తాడు. ఎవరి తూకం ప్రకారం చూసినా అది తూకం తప్పిన లక్ష్యమే. పుట్టుకతోనే అవమానం గడి నిండిపోయినవాడు రాజపూజ్యం గడిని తన చేత్తో రాసుకోవాలనుకున్నాడు, దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. కాని వ్యయం గడి కూడా ఖాళీగా లేదు. సేనను కూర్చుకోవడానికి సొంత అక్క సొమ్ము బలవంతంగా తీసుకున్నాడని మొఘలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. శత్రుపక్షం రాత కనక ఎంత నమ్మాలో చదివేవాళ్ల ఇష్టం. 1710లో మొఘలు సేనల చేతిలో పాపన్న ప్రాణం పోయింది. మూడు వందల ఏళ్ల తర్వాత ప్రభుత్వమే ఆగస్టు 18న జయంతి జరుపుతోంది. ఆదాయం అంత ఆలస్యంగా రావడమూ ఉంటుంది.

ఈ లక్ష్యాల కథలో ఇంకో పాయ మహబూబాబాద్ వైపు నుంచి వచ్చింది. 1912లో వి.ఎస్. అజరయ్య డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆయన చుట్టూ చేరినవాళ్లు ఎక్కువగా మాల మాదిగ పల్లెల జనం. వాళ్లకు ఆయన చూపిన శత్రువులు నలుగురు: మురికి, రోగం, అప్పు, తాగుడు. మోక్షం సంగతి ఎలా ఉన్నా ఈ నాలుగూ చేతికందే లక్ష్యాలు, పైగా ఒకదానికొకటి ముడిపడినవి. తాగుడు తగ్గితే అప్పు తగ్గుతుంది, మురికి పోతే రోగం తగ్గుతుంది. ఒక్కదాన్నే పట్టుకుంటే ఏదీ నిలవదు. అజరయ్య చనిపోయింది 1945 జనవరి 1న.

ఆ వైపు చర్చీల్లో ఇప్పటికీ డిసెంబర్ 31 రాత్రి ఆరాధన నిండుగా జరుగుతుంది. మూలం పద్దెనిమిదో శతాబ్దపు మెథడిస్టుల రాత్రి ప్రార్థనల్లో ఉంది. తెలుగు క్రైస్తవులు దానికి వాగ్దానం అనే అలవాటును జోడించుకున్నారు. ఏడాదికి ఒక వాక్యం, కార్డు మీద అచ్చు వేసి ఇంట్లో గోడకు పెట్టుకుంటారు. అక్కడ మాట ఇచ్చేది దేవుడు, పుచ్చుకునేది మనిషి. జిమ్‌కు ఏడాది చందా కట్టి ఫిబ్రవరిలో మానేసేవాడికి ఉండే సిగ్గు ఇందులో లేదు.

ఇవాళ చెలామణీలో ఉన్న లక్ష్యాల భాష గుడిదీ కాదు, చర్చిదీ కాదు, కంపెనీలది. 1981లో జార్జ్ డోరన్ అనే అమెరికన్ ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో ‘స్మార్ట్’ లక్ష్యాలని రాశాడు: స్పష్టంగా ఉండాలి, కొలవగలగాలి, గడువు ఉండాలి. కంపెనీల యాజమాన్యాలు లక్ష్యాలు రాసుకోవడానికి పుట్టిన పద్ధతి అది. ఆఫీసుకు బాగానే పనికొస్తుంది. ఇంటికి తెచ్చుకుంటే ఒక చిక్కు, అందులో వ్యయం గడి లేదు. ఆఫీసు టార్గెట్‌కు అయ్యే ఖర్చు కంపెనీ చూసుకుంటుంది. మన టార్గెట్‌కు అయ్యే ఖర్చు భార్యో, పిల్లలో, మన నడుమో భరిస్తుంది.

ఆ గడిని తిరిగి తెచ్చినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. మహిళా పొదుపు సంఘాల్లో సూక్ష్మ రుణ ప్రణాళిక అని ఒకటి రాస్తారు. అప్పు అడిగే ముందు ప్రతి సభ్యురాలి ఇంటి ఆదాయం, ఖర్చు, ఉన్న ఆస్తి, ఉన్న బాకీ, కావలసినది అన్నీ అందరి ముందూ కాగితం మీదికి రావాలి. ఎవరి అవసరం ముందో సంఘం తేలుస్తుంది. బర్రెను కొంటానంటే గడ్డి ఎక్కడిదని పక్కామె అడుగుతుంది. కుట్టుమిషన్ అంటే కూచోవడానికి పొద్దెక్కడుందని అడుగుతుంది. అన్ని సంఘాల్లోనూ ఇది ఇంత నిజాయితీగా జరుగుతుందని చెప్పను, మొక్కుబడిగా నింపిన కాగితాలూ ఉంటాయి. పద్ధతి మాత్రం నేను చూసిన ఏ విదేశీ లక్ష్యాల పుస్తకం కన్నా మెరుగు.

మీరు జనవరిలో మొదలుపెడతారో, ఉగాదికో, మిరుగానికో మీ ఇష్టం. కాగితం మీద రెండు గళ్లు గీయండి. మొదటి గడిలో కావలసింది రాయండి. రెండోదాంట్లో దానికి పోయే డబ్బు, నిద్ర, పిల్లలతో గడపాల్సిన సాయంత్రాలు రాసి, అవి ఎవరి వాటాలోంచి పోతున్నాయో పేరు పెట్టండి. ఆ పేరు మీది కాకపోతే, మొదలుపెట్టక ముందే వాళ్లను ఒక మాట అడగండి.