కంపైల్ టైమ్ రిఫ్లెక్షన్
ప్రోగ్రామ్ నడవకముందే, కంపైల్ అయ్యే దశలోనే క్లాసులోని మెంబర్ల పేర్లు, టైపులు కోడ్‌కు తెలిసే పద్ధతి. డేటాను జేసన్ వంటి రూపంలోకి మార్చే సీరియలైజేషన్‌లో దీని ఉపయోగం ఎక్కువ.

‘విద్యార్థి’ క్లాసులో పేరు, వయసు ఉన్నాయనుకుందాం. తర్వాత ‘ఊరు’ చేర్చి, డేటాను ఫైలులోకి పంపేందుకు చేత్తో రాసిన ఫంక్షన్‌లో దానికి సంబంధించిన వరుస మరిచిపోతే ఫైలులో ఊరు ఉండదు. కంపైలర్ తప్పు చూపదు. మెంబర్ల జాబితాను కంపైలరే అందిస్తే ఈ ప్రమాదం తప్పుతుంది. జావా రిఫ్లెక్షన్‌లో మాదిరిగా రన్ టైమ్‌లో వెతికే భారమూ ఉండదు.

డీ భాషలో ఈ సౌకర్యం చాలాకాలంగా ఉంది. రస్ట్‌లో సెర్డే లైబ్రరీ డిరైవ్ మాక్రోతో స్ట్రక్ట్ నిర్వచనాన్ని చదివి, కావలసిన కోడ్‌ను తయారుచేస్తుంది. సీ ప్లస్ ప్లస్‌లో టైపు పేరు ముందు ^^ గుర్తు పెట్టి వివరాలు రాబట్టే రిఫ్లెక్షన్‌ను 2025 జూన్‌లో సోఫియాలో సమావేశమైన ప్రమాణాల కమిటీ సీ ప్లస్ ప్లస్ 26 ముసాయిదాలో చేర్చింది.