కట్టడాలు, రైల్వేస్టేషన్లలో మనుషుల ఛాయాచిత్రణ

ఆధునిక భవనాలు, రైల్వేస్టేషన్లు, భూగర్భ రైళ్లు వంటి చోట్ల మనుషులను చట్రంలో కూర్చే పద్ధతి. వీధి ఛాయాచిత్రణలో భాగంగానే దీన్ని సాధారణంగా లెక్కిస్తారు. అయితే ముందు చోటు ఎంచుకుని, ఆపైన మనిషి కోసం కాచుకోవడం ఇందులో ఎక్కువ కాబట్టి విడిగా చూడటమే సబబు.

తొలి చిత్రం ఏదన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. కొందరు స్టీగ్లిట్జ్ ఓడ మీద తీసిన ‘ది స్టీరేజ్’ (1907) పేరు చెబుతారు; అది అచ్చయింది మాత్రం 1911లో. కట్టడమే కూర్పును శాసించడం గీటురాయి అయితే పాల్ స్ట్రాండ్ ‘వాల్ స్ట్రీట్’ (1915) వైపే మొగ్గాలి. న్యూయార్క్‌లో అప్పటికి కొత్తదైన మోర్గాన్ బ్యాంకు భవనం ముందు నడిచిపోతున్న జనం అందులో అంగుష్ఠమాత్రులు. భవనం పైకొస చట్రంలోకి రాదు. ఎత్తెంతో చూసేవారు ఊహించుకోవలసిందే. లోతైన కిటికీల చీకటి పైభాగాన్ని ఆక్రమిస్తే, కింద ఏటవాలు ఎండలో నీడలు మనుషులకన్నా పొడవుగా సాగుతాయి. దీన్ని పెట్టుబడిదారీ వ్యవస్థపై విమర్శగా చెప్పడం పరిపాటి. ఆ భవనం తనకు భయం గొలిపిందని స్ట్రాండ్ కూడా అన్నాడు గాని, ఆ మాట చాలా ఏళ్ల తర్వాతిది. ఆకారాల మీది ఆసక్తితోనే తీశాడన్న వాదన చిత్రానికి ఎక్కువ దగ్గరగా ఉంది.

కార్టియే బ్రెసాఁ పారిస్‌లోని సేంట్ లజార్ స్టేషన్ వెనుక తీసిన చిత్రం (1932) పలకల కంచె సందులోంచి తీసినది. కటకం సందులో పూర్తిగా పట్టక ఎడమపక్క మూసుకుపోవడంతో తర్వాత కత్తిరించారు. కత్తిరింపును ఇష్టపడని ఆయన విషయంలో ఇది అరుదు. నీటి మీదుగా దూకుతున్న మనిషి మడమ ఇంకా నీటిని తాకలేదు. వెనుక పోస్టరులో ఒక ఆకారం ఎదురు దిశకు ఎగురుతుంటుంది.

వాకర్ ఎవాన్స్ న్యూయార్క్ సబ్‌వే చిత్రాల (1938–41) దారి వేరు. కోటు లోపల కెమెరా, బొత్తాల మధ్య కటకం, చేతిలోకి తీసుకున్న కేబుల్ రిలీజ్. వ్యూఫైండర్‌లో చూసే వీలే లేదు కాబట్టి కూర్పు చాలావరకు ఎదుటి సీటుకూ బోగీ కిటికీలకూ దక్కింది. పుస్తకంగా వచ్చింది 1966లో.

భారతీయ ఉదాహరణల్లో రఘు రాయ్ ముంబయి చర్చ్‌గేట్ స్టేషన్ చిత్రం (1995) ప్రసిద్ధం. షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచడం వల్ల కదిలే జనం మసకబారి పొగలా పారుతుండగా, కదలకుండా పత్రిక చదువుకుంటున్నవారు మాత్రమే స్పష్టంగా తేలారు.