హరికేన్ నమూనా: ప్రతి మరకకూ కారణం

రెండవ ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటిష్ యుద్ధవిమానం హరికేన్. 1944లో జపాన్ సేనలు మణిపూర్‌లోని ఇంఫాల్‌ను ముట్టడించినపుడు, అర్జన్ సింగ్ నాయకత్వంలోని భారత 1వ స్క్వాడ్రన్ నడిపినది ఈ విమానాన్నే. దాని రెక్కల వెడల్పు 12.19 మీటర్లు, 72వ వంతు ప్లాస్టిక్ నమూనాలో అది సుమారు 17 సెంటీమీటర్లు.

భాగాలను అతికించి, అతుకులను గరుకు కాగితంతో నునుపు చేసి, రంగు ఆరిన పిదప వాడుక గుర్తులు దిద్దవలెను. పొగగొట్టాల వెనుక మసి చారలు, పైలట్ ఎక్కే ఎడమ రెక్క మొదట వెండి రంగు గీతలు సహజం. కాని ఆ విమానపు వెనుక దేహానికి లోహపు రేకు లేదు. చెక్క పట్టీలపై గుడ్డ కప్పేవారు. కనుక అక్కడ వెండి గీతలు గీయరాదు. వెలిసిన రంగు, కొద్దిపాటి దుమ్ము చాలును.