ఉత్తుత్తి ఆకాశం

ఎమ్మిగనూరులో మగ్గం పక్కన పెట్టిన ఫోనును, "నువ్విప్పుడు ఆదోని కోట కొండమీద ఉన్నావు" అని నమ్మించవచ్చునట! మధ్యన దాదాపు 30 కిలోమీటర్లున్నా సరే, అది నమ్మేస్తుంది. మోసానికి కాదు లెండి, పరీక్షకి. ఆర్ట్సు చదివిన నాకు మా మేనల్లుడు ఓపిగ్గా చెబితే తెలిసిన సంగతి ఇది.

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమ గడియారం వేళను రేడియోలో చెబుతూ ఉంటాయి. ఫోనులోని రిసీవరు కనీసం నాలుగింటి మాట విని, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కగట్టి, తానున్న చోటు తేల్చుకుంటుంది. సెకనులో పదిలక్షలో వంతు తేడా వస్తే 300 మీటర్లు తప్పినట్టే! పురుటినొప్పుల కబురందిన అంబులెన్సుకు అది పక్క వీధి.

మరి లెక్క సరిగ్గా ఉందని తెలిసేదెలా? ఆదోని పత్తి మార్కెట్లో కాటాను పరీక్షించాలంటే, ముందు బరువు తెలిసిన రాయి పెట్టి చూడాలి కదా. ఇక్కడ ఆ రాయి ఉత్తుత్తి ఆకాశం.

ఈ ఆలోచన ఉపగ్రహాలకంటే పాతది. మొదటి జీపీఎస్ ఉపగ్రహం 1978 ఫిబ్రవరిలో ఎగిరింది. అంతకుముందే, 1977లో, అమెరికాలోని యూమా ఎడారిలో నేలమీద ట్రాన్స్‌మిటర్లు నిలిపి, వాటినే ఉపగ్రహాలనుకోమని రిసీవర్లను పరీక్షించారు. తరవాత ఖరీదైన యంత్రాలొచ్చాయి. ఇప్పుడు సాఫ్ట్‌వేరు ఆ సంకేతాన్ని అంకెల్లో అల్లితే, అరచేతిలో పట్టే రేడియో పెట్టె దాన్ని తరంగంగా మారుస్తుంది. దాన్ని తీగగుండానే రిసీవరుకు అందించాలి సుమా! గాలిలోకి వదిలితే ఊరి ఫోన్లకే కాదు, పైన వెళ్ళే విమానాలకూ ముప్పే.

దీని గొప్పతనం ఏమిటంటే, రేపటి రోజును ఇవాళే రప్పించవచ్చు. జీపీఎస్ పాత పద్ధతిలో వారాలను 1023 దాకా లెక్కపెట్టి, మళ్ళీ సున్నాకొస్తుంది. 1980 జనవరిలో మొదలైన లెక్క 1999 ఆగస్టు 21 అర్ధరాత్రి చుట్టు తిరిగితే, జపానులో కొన్ని కార్లలోని దారిచూపే యంత్రాలు మొరాయించాయి. రెండో చుట్టు 2019 ఏప్రిల్ 6న వచ్చింది. ఉత్తుత్తి ఆకాశంలో ఆ తేదీని ముందే పెట్టి చూసుకునే వీలు అప్పటికి ఉంది. అయినా న్యూయార్కు నగరపాలన వాడే వైర్‌లెస్ నెట్‌వర్కు ఆ రోజు పడకేసి, కొన్నాళ్ళపాటు లేవలేదు.

మూడో చుట్టు 2038 నవంబరులో. ఇంకా చాలా రోజులుంది కదా అనుకుంటాం. ఆడపిల్ల పెళ్ళికి కూడా మొదట అలాగే అనుకుంటాం!