మల్కిభరాముడి తిరుగు ప్రయాణం

శ్రీకృష్ణదేవరాయలు 1515 డిసెంబరులో కళింగం మీదికి వెళుతూ అహోబిలంలో ఆగాడు. నరసింహస్వామికి కంఠహారం, వజ్రాల పతకం, కెంపుల కడియాలు, బంగారు పళ్ళెం, వెయ్యి వరహాలు సమర్పించి, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు. అంత వైభవం చూసిన గుడికి 64 ఏళ్ళకు పట్టిన గతి తలచుకున్నప్పుడల్లా నాకు ఒక ప్రవాసి గుర్తొస్తాడు.

1543లో గోల్కొండలో ముసలి సుల్తాన్ కులీ నమాజు చేసుకుంటూ హత్యకు గురయ్యాడు. చేయించింది కన్నకొడుకు జంషీదే. అన్న చేతికి చిక్కితే తనకూ చావు తప్పదని, దేవరకొండలో ఉన్న చిన్నకొడుకు ఇబ్రహీం బీదరుకు పారిపోయాడు. అక్కణ్ణుంచి విజయనగరం చేరాడు. అక్కడ చక్రం తిప్పుతున్న అళియ రామరాయలు అతన్ని ఆదరించి ఏడేళ్ళు తన దగ్గరే ఉంచుకున్నాడు. అక్కడే ఇబ్రహీంకు తెలుగు వంటబట్టింది, పద్యం మీద మోజు పుట్టింది. జంషీదు పోయాక 1550లో స్వదేశానికి తిరిగొచ్చి గద్దెనెక్కాడు. మన కవులు ఆయన్ను మల్కిభరాముడని నోరారా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తలదాచుకున్న చోటి భాషను ఇంత ప్రేమగా వెంట తెచ్చుకున్న సుల్తానులు అరుదు.

ఆ చుట్టరికాన్ని రాజ్యాలు బతకనివ్వలేదు. తప్పు ఒక్కరిదే అనలేను. రామరాయలు సుల్తానుల తగవుల్లో తలదూర్చి, ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పి, చివరికి గోల్కొండ నుంచే పానగల్లు, ఘనపురం కోటలు గుంజుకున్నాడు. 1565 జనవరి 23న తళ్ళికోట యుద్ధంలో ఇబ్రహీం ఎదురుపక్షాన నిలిచాడు. రామరాయల తల తీయించింది అహ్మద్‌నగర్ హుసేన్ నిజాంషా. కానీ ఏడేళ్ళు అన్నం పెట్టిన ముసలాయన తల తెగిన రోజున ఇబ్రహీం ఉన్నది ఆ తల తీసినవాళ్ళ వైపే. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది అదే.

1579లో మురహరిరావు నడిపిన గోల్కొండ సేన అహోబిలం మీద పడింది. హండె వంశపు నాయకులు తోడయ్యారు. గుడిని నిలువునా దోచారు. కెంపులు పొదిగిన విగ్రహం గోల్కొండకు తరలిపోయింది. మరుసటి ఏడు జూన్‌లో ఇబ్రహీం కన్నుమూశాడు. అహోబిలం మాత్రం అయిదారేళ్ళు పరాధీనంలోనే మగ్గింది. అహోబిల మఠాధిపతి వణ్ శఠగోప జియ్యరు విజయనగర రాజు శ్రీరంగరాయలకు మొరపెట్టుకుంటే, కొండ్రాజు వెంకటరాజు, తిరుమలరాజు వచ్చి హండెవారిని తరిమి గుడిని మళ్ళీ నిలబెట్టారు. శక సంవత్సరం 1506 నాటి శాసనం ఈ సంగతి చెబుతోంది.

ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం వెళ్ళేవాళ్ళు కృష్ణరాయల శాసనంతో పాటు ఈ రెండో శాసనం గురించీ అడిగి తెలుసుకోండి. పిల్లలకు ఆ దోపిడీ సంగతి చెప్పేటప్పుడు, మల్కిభరాముడు విజయనగరంలో గడిపిన ఏడేళ్ళనూ వదిలిపెట్టకుండా చెప్పండి.