కౌంటర్ కేసులో ముద్దాయి అయితే: లాయరుతో ఎలా పనిచేయాలి?

అట్రాసిటీ కేసు పెట్టిన రోజో, మర్నాడో అవతలివాళ్ళు కూడా అదే స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వడం మనకు కొత్త కాదు. 'మా మీద దాడి చేశారు, దారి అడ్డగించారు, చంపుతామని బెదిరించారు' అని అందులో ఉంటుంది. దెబ్బలు తిన్నవాళ్ళ పేర్లే ఏ1, ఏ2, ఏ3గా ఎక్కుతాయి. దీన్నే కౌంటర్ కేసు అంటున్నాం. చాలాసార్లు దీని పని శిక్ష వేయించడం కాదు. 'మీరు అది తీసుకోండి, మేం ఇది తీసుకుంటాం' అంటూ రాజీకి కూర్చోబెట్టడం. చిన్న సెక్షన్లే కదా అని దీన్ని పట్టించుకోకపోతే అసలు కేసు చేజారుతుంది. పరిశోధకులం కూడా బాధితుల వాంగ్మూలాల గురించి రాసినంతగా, బోనులో నిలబడిన మనవాళ్ళ గురించి రాయలేదు.

ముందుగా ఒక అయోమయం తీర్చుకోవాలి. అట్రాసిటీ కేసులో వాదించే స్పెషల్ పీపీ ప్రభుత్వం తరఫున, అంటే ఆ కేసు వరకు మన వైపు ఉంటారు. కౌంటర్ కేసులో ప్రభుత్వ ప్రాసిక్యూటరు మనకు ఎదురుగా నిలబడతారు. 'పీపీగారు చూసుకుంటున్నారు' అనే ధీమా రెండో కేసులో పనికిరాదు. అక్కడ సొంత లాయరు ఉండాలి. నచ్చిన లాయరును పెట్టుకునే హక్కు రాజ్యాంగం 22(1) అధికరణంలోనే ఉంది. ఫీజు ఇచ్చుకోలేకపోతే 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తుంది. మండల న్యాయ సేవా కమిటీలో గానీ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో గానీ అడగాలి. 15100కు ఫోన్ చేసినా సరే. ఉచిత లాయరు మన దగ్గర డబ్బు తీసుకోకూడదు. అడిగితే జిల్లా సంస్థ కార్యదర్శికి రాసివ్వండి. ఉచిత లాయరు హక్కు ఉందని ముద్దాయికి చెప్పకుండా విచారణ జరిపినందుకు 1986లో సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు శిక్షనే కొట్టేసింది.

2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. మనం 41ఏ నోటీసు అనేది ఇప్పుడు 35(3) నోటీసు. ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ తీర్పు చెప్పింది. నోటీసు వస్తే తప్పించుకు తిరగొద్దు, అదే అరెస్టుకు సాకవుతుంది. నోటీసు ఫొటో లాయరుకు పంపి, స్టేషన్‌కు వెళ్ళిన ప్రతిసారీ తేదీ, టైము రాసిపెట్టుకోండి. అరెస్టు చేస్తే కారణాలను మనకు అర్థమయ్యే భాషలో రాసివ్వాలని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ప్రశ్నించేటప్పుడు లాయరును కలవవచ్చు, కానీ మొత్తం సేపూ పక్కన కూర్చోబెట్టుకోలేం. పోలీసులకు ఇచ్చే వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదు, తెల్లకాగితం మీద అసలే వద్దు. ఒంటి మీద దెబ్బలుంటే రిమాండ్ సమయంలోనే మేజిస్ట్రేటుకు చెప్పాలి. ఆ గాయాల సర్టిఫికెట్ రెండు కేసుల్లోనూ సాక్ష్యమే.

ఇక లాయరుతో మొదటి మాట. జరిగింది జరిగినట్టు చెప్పాలి, మనకు ఇబ్బంది అయినది ముందు చెప్పాలి. మనవాడు కూడా కర్ర ఎత్తాడనుకుందాం. దాచిపెట్టి 'మేం అసలు అక్కడ లేం' అంటే, ఫోన్లో తీసిన ఒక్క వీడియోతో కేసు కూలిపోతుంది. నిజం చెబితే ఆత్మరక్షణ వాదన నిలబెట్టొచ్చు. అక్కడ లేమనీ, ఆత్మరక్షణ అనీ రెండూ కలిపి చెబితే కోర్టు ఏదీ నమ్మదు. కేసు కోసం మనం చెప్పింది లాయరు బయటపెట్టకూడదని సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ అంటుంది. ఇకముందు చేయబోయే నేరానికి ఆ రక్షణ లేదు. పెద్దమనిషినీ, సంఘం నాయకుణ్ణీ పక్కన పెట్టుకుని కాకుండా, ఒక్కసారైనా విడిగా మాట్లాడండి. ఆరుగురు ముద్దాయిల్లో ఒకరి వాదన మరొకరి మెడకు చుట్టుకునేలా ఉంటే వాళ్ళకు వేరే లాయరు అవసరం.

రెండు ఎఫ్‌ఐఆర్‌ల కాపీలు ఒకే లాయరు చేతికి ఇవ్వండి. వీడియోలు ఉన్న ఫోన్ మార్చొద్దు, డిలీట్ చేయొద్దు. కేసు, కౌంటర్ కేసు ఒకే జడ్జి వరుసగా విని తీర్పు చెప్పాలని 1990లో నాథీలాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. దానికి పిటిషన్ వేయమని మనమే గుర్తుచేయాలి. ఫీజు ఎంత, ఏ దశ దాకా అన్నది ముందే రాసుకోవాలి. వకాలత్ చదివించుకున్నాకే వేలిముద్ర. వాయిదా తేదీ గుమస్తా చెబుతాడని ఎదురుచూడకుండా ఈకోర్ట్స్ యాప్‌లో చూసుకోవచ్చు. పనికి వలస వెళ్ళినవాళ్ళు లాయరుతో గైర్హాజరు పిటిషన్ వేయించాలి, లేకపోతే వారంటు వస్తుంది. లాయరును మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు ఆపకూడదని 2000లో ఆర్‌.డి. సక్సేనా తీర్పు ఉంది.

బెయిల్ వచ్చినా జామీనుదారులు దొరక్క లోపలే ఉండిపోయేది మనవాళ్ళే. పట్టాదారు పాసుపుస్తకం తెమ్మంటే భూమి లేని మాదిగవాడ, మాలపల్లె ఎవర్ని అడుగుతాయి? అదే ఊరి భూస్వామినా? 1978లోనే మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో పేదలకు మోయలేని పూచీకత్తు పెట్టొద్దని జస్టిస్ కృష్ణయ్యర్ రాశారు. స్థానిక జామీను అడగడమే విడుదలకు అడ్డమైతే ఆ షరతు పెట్టకపోవచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు సూచించింది. షరతు మార్చమని లాయరుతో పిటిషన్ వేయించండి.

'ఒప్పుకుంటే ఫైన్ కట్టి వెళ్ళిపోవచ్చు' అని లోక్ అదాలత్ రోజునో, కోర్టు వరండాలోనో ఎవరో ఒకరు చెబుతారు. నేరం ఒప్పుకోవడం అంటే శిక్ష పడినట్టే. పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన కుర్రాడికి అది తగులుతుంది. అట్రాసిటీ కేసులో మన సాక్ష్యం నమ్మొద్దని వాదించడానికీ పనికొస్తుంది. రాజీ కాగితమైనా అంతే, రెండు కేసులూ చూస్తున్న లాయరు చదవకుండా సంతకం వద్దు. కౌంటర్ కేసు అబద్ధమని తేలితే, ఎస్సీ, ఎస్టీలపై తప్పుడు కేసు పెట్టడం అట్రాసిటీ చట్టం 3(1)(పి) కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ శిక్ష పడే నేరం. ఆ ఫిర్యాదుకు తీర్పు సర్టిఫైడ్ కాపీ ఉండాలి, కొట్టేసిన రోజే దానికి అర్జీ పెట్టించండి.