గడప ముందు ఆగిన జాగిలం

తెల్లారి ఆరు దాటింది. కంభం నుంచి గిద్దలూరు పోయే రోడ్డుకు దిగువన, ఒక పల్లె చివర, కంది చేను గట్టు మీద మీరు నిలబడి ఉన్నారు. పడమట నల్లమల కొండలు. ఈ పల్లె ఇటువైపు ఏ పల్లె అయినా కావచ్చు. రాత్రి ఇక్కడ ఒక మనిషిని చంపేశారు. ఎస్సై చుట్టూ తాడు కట్టించాడు గానీ, అప్పటికే సగం ఊరు వచ్చి చూసి పోయింది. మట్టిలో ఎవరి అడుగులు ఎవరివో తెలీకుండా కలిసిపోయాయి.

జాగిలం ఒంగోలు నుంచి రావాలి. మార్కాపురం దాకానే దాదాపు వంద కిలోమీటర్లు, అక్కడి నుంచి ఇక్కడికి ఇంకొంత. ఈలోగా ఎండెక్కుతుంది. తడి గడ్డి మీద, నీడపట్టున వాసన కాసేపు నిలుస్తుంది. కాగిన నేల మీద, పలకరాయి మీద నిలవదు. మీరు మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నారు.

జీపు ఆగింది. జాగిలాన్ని దించుతున్న హ్యాండ్లర్‌ని ఎస్సై పక్కకు పిలిచాడు. "పొలం తగాదా ఉందంట. అనుమానం ఎవరి మీదంటే..." అనబోయాడు. హ్యాండ్లర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు సార్, చెప్పొద్దు. నాకు తెలిస్తే దానికీ తెలిసిపోద్ది."

ఆ మాట వెనక శాస్త్రం ఉంది. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 18 మంది హ్యాండ్లర్లను, వాళ్ళ జాగిలాలను పరీక్షించారు. ఫలానా చోట ఎర్ర కాగితం అంటించి ఉంటే అక్కడ జాగిలాలు వెతకాల్సిన సరుకు ఉన్నట్టేనని హ్యాండ్లర్లకు చెప్పారు. నిజానికి ఏ గదిలోనూ ఏ సరుకూ లేదు. అయినా జాగిలాలు దొరికిందన్నట్టు సైగ చేశాయని హ్యాండ్లర్లు పదేపదే చెప్పారు. పట్టుకున్నవాడి నమ్మకం ఫలితాన్ని మార్చేస్తుందని ఆ పరీక్షలో తేలింది.

శవం పక్కన పడి ఉన్న తువ్వాలును జాగిలానికి వాసన చూపించారు. అది ముక్కు నేలకు ఆనించి కదిలింది. మీరు వెనకే నడుస్తున్నారు. గట్టు దిగింది. బోరు దగ్గర రెండుసార్లు చుట్టు తిరిగింది. రోడ్డు దాటేటప్పుడు తడబడింది, మళ్ళీ అందుకుంది. వీధిలోకి మళ్ళింది. మూడో ఇంటి గడప ముందు ఆగి కూర్చుంది.

లోపలి నుంచి పెద్దావిడ బయటికొచ్చింది. "ఏంది సారూ, మా గడప కాడ ఆపినారు?" ఎవరూ బదులివ్వలేదు. ఆమె వెనక కొడుకు, పాతికేళ్ళ కూలి మనిషి. మీ వెనక గుంపులో ఎవరో గట్టిగానే అన్నారు: "వాడేనని నేను ముందే అనుకున్నా."

సరిగ్గా దీన్ని గురించే సుప్రీంకోర్టు మాట్లాడింది. మహారాష్ట్రలో రైలు పట్టాలు తప్పించిన కేసులో, 1969లో, జాగిలం సాక్ష్యం మీద మూడు అభ్యంతరాలను అది ముందుపెట్టింది. మొదటిది, జాగిలం బోనెక్కి ప్రమాణం చెయ్యజాలదు, దానికి ఎదురు ప్రశ్నలు వెయ్యలేం, దాని తరఫున హ్యాండ్లర్ చెప్పేది విన్న మాటే అవుతుంది. రెండోది, మనిషి ప్రాణం, స్వేచ్ఛ జంతువు సూచన మీద ఆధారపడకూడదు. మూడోది, ఆ దృశ్యం జ్యూరీ మనసు మీద దాని విలువకు మించిన ముద్ర వేస్తుంది. ఇలాంటి సాక్ష్యానికి పెద్ద బరువు ఇవ్వలేమని కోర్టు తేల్చింది. మనకిప్పుడు జ్యూరీ లేదు. కానీ ఈ వీధి ఉంది. ఇది ఇప్పుడే తీర్పు ఇచ్చేసింది.

2001లో ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన హత్య కేసులో కోర్టు గీత ఇంకా స్పష్టంగా గీసింది. నేరస్థుల జాడ తియ్యడానికి పోలీసులు జాగిలాలను వాడుకోవచ్చు. న్యాయస్థానం మాత్రం దాని మీద ఆధారపడకూడదు. జాగిలం పొరబడొచ్చు, దాని ప్రవర్తనను మనిషి తప్పుగా అర్థం చేసుకోవచ్చు.

ఎస్సై ఆ కుర్రవాణ్ణి తువ్వాలు గురించి అడిగాడు. "నాదే సార్. నిన్న ఆ చేలోనే కలుపు తీసినాం. గట్టు మీద మర్చిపోయొచ్చినా."

జాగిలం తప్పు చెయ్యలేదు. తువ్వాలు ఎవరిదో చెప్పింది. చంపింది ఎవరో దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా అది చెప్పలేదు. నిన్న చేలో పనిచేసింది ఎవరెవరో ఇంకా కనుక్కోవాలి, క్లూస్ టీమ్ వేలిముద్రలు తియ్యాలి, ఈ కుర్రవాడి మాట కూడా నిజమో కాదో తేల్చాలి. అసలు పని ఇప్పుడు మొదలవుతుంది.

మధ్యవర్తుల రిపోర్టు రాసేటప్పుడు ఎస్సై కలం ఆపాడు. "బోరు కాడ రెండుసార్లు తిరిగింది, రోడ్డు మీద తడబడింది. ఇదంతా రాస్తే రేపు లాయరు వదిలిపెడతాడా?" హ్యాండ్లర్ అన్నాడు: "రాయండి సార్. రాయకపోతేనే పట్టుకుంటాడు."

కోర్టు భయానికి ఉన్న రెండు దారులూ ఈ క్షణంలో మీ ముందున్నాయి. తడబాటును దాచిపెట్టడం ఒకటి. అలా దాచేవాళ్ళ జాగిలం మీడియా ముందు ఊరేగే అలంకారంగా మిగులుతుంది. రెండోది, ప్రతి అడుగూ రాయడం. అప్పుడు ఆ భయమే పద్ధతిని బాగుచేస్తుంది. అమెరికాలో జాగిలం కరిచిందని పోలీసుల మీద పరిహారం దావాలు పడతాయి. అందుకే అక్కడ మనిషిని పట్టి కరిచే శిక్షణకు బదులు, కనిపెట్టి మొరిగే శిక్షణే మేలన్న వాదన ఉంది. 2013లో ఫ్లోరిడా నుంచి వచ్చిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు జాగిలం శిక్షణనూ అర్హతనూ సోదాకు ఆధారంగా ఒప్పుకుంది, వాటిని సవాలు చేసే హక్కును ముద్దాయికి ఉంచింది. మన దగ్గర కూడా 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త చట్టం సోదాలను, స్వాధీనాలను వీడియో తియ్యమంటోంది.

కాబట్టి ఈ ప్రాంతానికి కావలసింది భయం తగ్గించడం కాదు. వాసన ఆరకముందే చేరేంత దగ్గరలో, మార్కాపురంలోనే ఒక జాగిలం. హ్యాండ్లర్‌కు కూడా జవాబు తెలియని పరీక్షలతో సాగే శిక్షణ. గెలిచిన రోజులతో పాటు ఓడిన రోజులూ ఉండే రికార్డు. ఇంకొకటి, అన్నిటికన్నా చవకైనది: జాగిలం ఆగిన చోటే ఎస్సై వీధి వైపు తిరిగి, ఇది తీర్పు కాదని అందరికీ వినబడేలా చెప్పడం. ఆ కుర్రవాడు రేపు ఇదే వీధిలో కూలికి పోవాలి.